కొల్లేరులో ఒక లంక ఊరు, ఒక కాంటూరు గీత: కేస్ స్టడీ

కొల్లేరు నడుమ ఉన్న ఒక లంక గ్రామం పెద్దలు, అక్కడి మత్స్యకారుల సొసైటీ వాళ్ళు కలిసి మమ్మల్ని అడిగింది ఒకటే. "అభయారణ్యం హద్దు ఐదో కాంటూరు నుంచి మూడో కాంటూరుకి తగ్గిస్తే మా ఊరికి ఒరిగేదేంటో లెక్క కట్టి చెప్పండి." కాంటూరంటే నేల ఎత్తుని బట్టి గీసిన గీత. ఎన్నికలొచ్చినప్పుడల్లా ఈ మాట వింటున్నారు, ప్రతి పార్టీ వాడూ తగ్గిస్తామనే అంటాడు, ఊళ్ళో సగం మంది తగ్గితే బతికిపోతాం అంటారు, మిగతా సగం నోరు మెదపరు. ఎందుకు మెదపరో తెలుసుకోవడంలోనే మా పనిలో సగం గడిచింది.

నేను డ్రైనేజీ పనుల మీద బతికేవాడిని. డెల్టా మురుగు కాలవలు, చెరువులు, వాటి మట్టాలు, తూములు నా తిండి. నాతో చేపల సంగతి బాగా తెలిసిన మిత్రుడొకరు, ఊరి కుర్రాళ్ళు కొందరు కలిశారు. ఊరి పేరు రాయడం లేదు, భూమి తగాదాలు ఇంకా నలుగుతున్నాయి కాబట్టి. మిగతా పేర్లన్నీ అసలువే.

కొల్లేరు వైపు వెళ్ళని వాళ్ళకి ముందు కాస్త భూగోళం. కృష్ణా డెల్టాకీ గోదావరి డెల్టాకీ మధ్య మిగిలిపోయిన పల్లం ఇది. రెండు నదులూ వేల ఏళ్ళుగా ఒండ్రు పోసుకుంటూ చెరో పక్కా ఎత్తు పెరిగాయి, నడిమి భాగం పళ్ళెంలా ఉండిపోయింది. ఇప్పుడు ఏలూరు జిల్లాలో ఉంది, 2022లో జిల్లాలు విడదీయక ముందు పశ్చిమ గోదావరి, కృష్ణా రెండూ పంచుకునేవి, ఆ పంపకం వల్లే ఏ నిర్ణయమైనా ఇద్దరు కలెక్టర్ల మధ్య తిరిగేది. మైలవరం కొండల్లో పుట్టే బుడమేరు, తెలంగాణ వైపు నుంచి చింతలపూడి మీదుగా ఏలూరు పక్కన దిగే తమ్మిలేరు, రామిలేరు, గుండేరు, ఇవి కాక డెల్టా మురుగు కాలవలు, చిన్నా పెద్దా కలిపి 60కి పైగా ఇందులో పడతాయి. బయటికి పోయే దారి మాత్రం ఒక్కటే, ఉప్పుటేరు. దాదాపు 60 కిలోమీటర్లు వంకర్లు తిరిగి బంగాళాఖాతంలో కలుస్తుంది. ఈ ఒక్క వాక్యం గుర్తు పెట్టుకుంటే మిగతా కేసంతా అర్థమవుతుంది.

సరస్సు లోపల ఉన్న ఊళ్ళని బెడ్ గ్రామాలంటారు, అవి 46. చుట్టూ అంచున ఉన్నవి బెల్టు గ్రామాలు, 76. కాగితాల్లో ఇలా కలిపి రాసేస్తారు గానీ రెంటికీ బతుకు వేరు. బెల్టు గ్రామంలో వరద అంటే చేను మునగడం. బెడ్ గ్రామంలో వరద అంటే ఇంటి నుంచి రోడ్డుకి పడవ మీద పోవడం.

పాత సంగతి కొంత చెప్పాలి, ఎందుకంటే ఊళ్ళో ఎవరితో కూర్చున్నా మాట అక్కడికే పోతుంది. క్రీ.శ. 634 నాటి ఐహోళె శాసనంలో రెండో పులకేశి విజయాలు పొగుడుతూ రవికీర్తి కునాల జలాలు యుద్ధంలో చచ్చినవాళ్ళ నెత్తుటితో రంగు మారాయని రాశాడు, ఆ కునాలం కొల్లేరే అని చాలామంది చరిత్రకారుల మాట. ఒడ్డుకి దగ్గర్లోనే వేంగి, ఇప్పటి పెదవేగి, శాలంకాయనులూ తూర్పు చాళుక్యులూ ఏలిన చోటు. దండి దశకుమారచరితంలో ఆంధ్ర నగరం దగ్గర వర్ణించిన పెద్ద సరస్సు కూడా ఇదేనంటారు. ఊరి వాళ్ళకి పులకేశితో పని లేదు. వాళ్ళు చెప్పేది కొల్లేటికోట కథ. ఒడిశా గజపతుల సేనాని కోటలో ఉన్నాడట, చుట్టూ నీళ్ళు, శత్రువు చిగురుకోట దగ్గర దిగి ఎన్నాళ్ళు కాచుకున్నా లోపలికి రాలేకపోయాడు, చివరికి సరస్సులో నీళ్ళన్నీ సముద్రంలోకి వదిలేద్దామని కాలవ తవ్వించాడు, అదే ఉప్పుటేరు. కోటలోని సేనాని దేవతల అనుగ్రహం కోసం సొంత కూతుర్నే బలిచ్చాడు, అందుకే ఆ పాయకి పేరంటాల కనుమ అని పేరు. కథ నిజమా కాదా అన్నది నా పని కాదు. కానీ డ్రైనేజీ వాడిగా నాకు ఇది భలే నచ్చుతుంది, కొల్లేరుని గెలవాలంటే బయటికి పోయే దారిని పట్టుకోవాలని కొన్ని వందల ఏళ్ళ కిందటే జనానికి తెలుసన్న మాట. మన ప్రణాళికలు వేసేవాళ్ళకి ఇది ఆలస్యంగా తెలిసింది, కొందరికి ఇప్పటికీ తెలియలేదు.

కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ గుడి ఉంది, ఫాల్గుణంలో జాతర, చుట్టుపక్కల మండలాల నుంచి జనం పోటెత్తుతారు. లంకల్లో ఎక్కువమంది వడ్డీలనే మత్స్యకార కులం వాళ్ళు, ఆ గజపతుల సైన్యంతో వచ్చిన వాళ్ళ సంతతి అని చెప్పుకుంటారు. వాళ్ళ పని వేట. తాటిదోనె, గెడ, ఊత, మావు, విసురువల. పట్టేది కొర్రమీను, బొమ్మిడాయి, ఇంగిలాయి, మార్పు, జెల్ల, మట్టగిడిస. నీళ్ళు తగ్గాక బయటపడిన నేలలో దాళ్వా, అంటే రెండో పంట, వరి వేసేవాళ్ళు కూడా ఉండేవాళ్ళు. అది వచ్చినప్పుడు వచ్చేది, రానప్పుడు మునిగేది.

ఇక చెరువుల సంగతి. 1976లో జలగం వెంగళరావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, దాళ్వా మునిగి మునిగి విసిగిపోయిన లంక వాళ్ళకీ, దళితులకీ సహకార సొసైటీలు పెట్టి సరస్సు నేలలో గట్లు వేసి చేపల చెరువులు ఇచ్చారు. ఉద్దేశం మంచిదే. నేను ఈ పథకాన్ని తప్పు పట్టను, ఆ రోజుల్లో పేదవాడికి సరస్సులో హక్కు ఇచ్చిన మొదటి కాగితం అది. తర్వాత జరిగింది వేరు. చేప పెంచాలంటే పిల్ల కావాలి, తవుడు కావాలి, చెక్క కావాలి, డీజిలు కావాలి, పట్టుబడి రోజుకి ఐసు, లారీ కావాలి, ఇవేవీ సొసైటీ సభ్యుడి చేతిలో లేవు. ఉన్నవాడు వచ్చి లీజు అడిగాడు. కాగితం మీద సొసైటీ పేరు, గట్టు మీద పెట్టుబడిదారు. బొచ్చె, శీలావతి లారీలకి లారీలు హౌరాకీ అస్సాముకీ పోయాయి, కైకలూరు, ఆకివీడు పట్టణాలు పెరిగాయి, పక్కనున్న వరి చేలు కూడా చెరువులయ్యాయి. 2000 తర్వాత ఆంధ్రా యూనివర్సిటీ వాళ్ళు ఉపగ్రహ చిత్రాలు పెట్టి లెక్కేస్తే సరస్సు విస్తీర్ణంలో 40 శాతానికి పైగా చేపల చెరువులే తేలాయి.

ఈలోగా 1999లో ప్రభుత్వం ఐదో కాంటూరు వరకు, అంటే 308 చదరపు కిలోమీటర్లు, వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది, అక్కడ చూపించిన విస్తీర్ణం 901 చదరపు కిలోమీటర్లు. చెరువులు మాత్రం కదల్లేదు. సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ గట్టిగా పట్టుకున్నాక 2006 ఫిబ్రవరిలో ఆపరేషన్ కొల్లేరు మొదలైంది. పొక్లెయిన్లు, చాలనిచోట పేలుడు మందు, వేసవి వరకు గట్లు కొడుతూనే ఉన్నారు. 2008లో అసెంబ్లీ మూడో కాంటూరుకి తగ్గించమని తీర్మానం చేసింది. కేంద్రం అజీజ్ కమిటీని వేసింది, కోయంబత్తూరు సలీం అలీ పక్షి పరిశోధన కేంద్రం అధిపతి పి.ఎ. అజీజ్ నాయకత్వంలో, ఆ కమిటీ 2011లో ఐదునే ఉంచమంది. అక్కడి నుంచి విషయం కొల్లేటి చాంతాడే.

నీళ్ళ లెక్క

ఐదో కాంటూరు అంటే సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తున గీసిన గీత. మూడు అంటే మూడడుగులు. వినేవాడికి తేడా రెండడుగులే, "రెండడుగులకి ఇంత గొడవేంటి" అని హైదరాబాదులో ఒక పెద్దాయన నన్నే అడిగారు. పల్లంలో రెండడుగులంటే ఏంటో చూడండి. మూడో కాంటూరు దగ్గర నీటి విస్తీర్ణం 135 చదరపు కిలోమీటర్లు. ఐదు దగ్గర 308. ఏడు దగ్గర 675. పది దగ్గర 901. అంటే మూడుకి తగ్గిస్తే అభయారణ్యంలో సగానికి పైగా, ఎకరాల్లో చెబితే 40 వేల ఎకరాలు దాటి, బయటపడుతుంది. తగ్గించమని అడిగేవాళ్ళకి ఈ అంకె బాగా తెలుసు.

కానీ నీటికి గెజిట్ తెలీదు కాబట్టి ఆ 40 వేల ఎకరాల్లో నీరెంత పడుతుందో కూడా చూశాం. మూడు నుంచి ఐదు మట్టం మధ్య సరాసరి విస్తీర్ణం తీసుకుని రెండడుగులతో హెచ్చిస్తే సుమారు 4.8 టీఎంసీలు (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). ఐదు నుంచి ఏడు మధ్య ఇంకో పదిన్నర. ఇది చేతి లెక్కే, సర్వే కాదు, పూడిక ఎంత పేరుకుందో లెక్కలోకి తీసుకోలేదు, అయినా వ్యవహారం అర్థం కావడానికి చాలు. ఇప్పుడు వరద చూడండి. పెద్ద వానల్లో కొల్లేటిలోకి లక్ష క్యూసెక్కులు, అంటే సెకనుకి లక్ష ఘనపుటడుగులు, దాటి వస్తుందని ఇంజనీర్లు ఎప్పుడో కట్టిన లెక్క. లక్ష క్యూసెక్కులు ఒక రోజంతా వస్తే 8.64 టీఎంసీలు. అంటే మూడు నుంచి ఐదుకి నిండటానికి పధ్నాలుగు గంటలు చాలవా? చాలు. ఏడుకి చేరడానికి రెండు రోజులు కూడా పట్టదు.

దిగడానికి ఎంత పడుతుంది అన్నది అసలు ప్రశ్న. వచ్చేదాంట్లో ఉప్పుటేరు మోసేది ఐదో వంతు కూడా ఉండదు. రోజుకి ఒక టీఎంసీ పోతుందనుకుందాం, అది 11,500 క్యూసెక్కుల పైమాటే, ఉప్పుటేరు మీద ఉదారంగా వేసిన అంకె. పైనుంచి చుక్క రాకపోయినా ఏడు నుంచి మూడుకి దిగడానికి పదిహేను రోజులు. పైనుంచి రాకుండా ఎప్పుడుంటుంది? ఇంకో తమాషా, మట్టం ఐదడుగులుంటే సముద్రానికి 60 కిలోమీటర్లు, అంటే కిలోమీటరుకి అంగుళం వాలు. మూడడుగులకి దిగితే అంగుళంలో ఐదింట మూడు వంతులే. సముద్రం పోటు మీదున్నప్పుడు ఆ కాస్త వాలూ ఉండదు, నీరు నిలబడిపోతుంది, ఒక్కోసారి వెనక్కి ఎక్కుతుంది. పైగా దారిలో పెదఎడ్లగాడి లాంటి ఇరుకు వంతెనలు, ఖానాల్లో గుర్రపు డెక్క, ఒడ్డున కిక్కిస గడ్డి, ఏటి గర్భంలోనే ఆక్రమణలు, మొగ దగ్గర ఇసుక మేట.

కాబట్టి ఐదో కాంటూరు లోపల మళ్ళీ గట్లు లేస్తే ఆ 4.8 టీఎంసీల్లో ఎంత భాగం గట్లు తినేస్తే అంత నీరు పైకి, అంటే బెల్టు గ్రామాల వరి మీదికీ, లంకల ఇళ్ళలోకీ పోతుంది. మూడో కాంటూరు అడిగే రైతే తన సార్వా (వానాకాలం) వరి మునిగిందని మళ్ళీ ధర్నా చేయాల్సి వస్తుంది. ఇది ఊరి మీటింగులో చెబితే ఒక పెద్దాయన, చుట్ట ఆర్పి పక్కన పెట్టి, "మూడంటారు, ఐదంటారు, మా దొడ్లో నీరెంత నిలబడుద్దో ఆ గీతకి తెలుసా అండి?" అన్నాడు. ఎవరూ జవాబు చెప్పలేదు.

ఊళ్ళో డబ్బు ఎటు నుంచి వస్తుంది

నీళ్ళ లెక్క మేం ఊరికి పోకుండానే కట్టొచ్చు. కట్టలేనిది ఇది. ఇంటింటికీ తిరిగి, మగవాళ్ళతో గట్టు మీద, ఆడవాళ్ళతో రేవు దగ్గర విడివిడిగా కూర్చుని, ఏ నెలలో డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో రాసుకున్నాం. విడివిడిగా కూర్చోవడం ముఖ్యం. కలిపి కూర్చోబెడితే సొసైటీ ప్రెసిడెంటు మాట్లాడతాడు, మిగతా వాళ్ళు తలూపుతారు.

తేలిందేంటంటే ఊళ్ళో నాలుగు రకాల ఇళ్ళున్నాయి. లీజు డబ్బు తీసుకునేవి, చెరువుల మీద కూలికి పోయేవి, వేట మీద బతికేవి, కువైట్‌లోనో హైదరాబాదులోనో ఉన్న పిల్లలు పంపితే నడిచేవి. ఒకే ఇంట్లో రెండు మూడు కలిసి ఉండొచ్చు. లీజు డబ్బు ఏడాదికోసారి వస్తుంది, వచ్చేసరికే అప్పులకి పోతుంది, సొసైటీ సభ్యత్వం ఉన్నవాడికే వస్తుంది, పెళ్ళై వేరుపడ్డ కొడుకులకి వాటా ఉండదు. చెరువు కూలి అంటే కాపలా, మేత వేయడం, పట్టుబడి రోజున వల లాగడం. వేటకి పోయేవాడు వ్యాపారి దగ్గర ముందు అడ్వాన్సు తీసుకుంటాడు, తీసుకుంటే చేప ఆయనకే పోయాలి, కాటా ఆయనదే, రేటూ ఆయనదే. ఆడవాళ్ళు ఎండు చేప చేసి ఏలూరు, గుడివాడ సంతలకి తీసుకెళ్ళేవాళ్ళు, ఇప్పుడు తగ్గిపోయింది.

కాంటూరు తగ్గితే లాభం ఎవరికి అంటే, మొదటి రకానికి కొంత, లీజుదారుకి చాలా. మూడో రకానికి నష్టం. నోరు మెదపని సగం ఊరు వీళ్ళే. రేవు దగ్గర చేపలు తోముతున్న ఒకావిడ, మా మిత్రుణ్ణి అన్నయ్యా అని పిలిచి, చెప్పింది ఇది: "గట్లున్నప్పుడు మా ఆయన దోనె తిప్పుకోడానికి సందు లేదన్నయ్యా. గట్టు దగ్గరికెళితే దొంగ అనేవోళ్ళు. గట్లు కొట్టాక ఏడాది బొమ్మిడాయిలు బాగా పడ్డాయి. మళ్ళీ మొదలెట్టారుగా." అంత పచ్చిగా ఊరి మధ్యలో అనదు. అన్నదమ్ములే లీజు తీసుకుంటున్నప్పుడు ఎలా అంటుంది?

ఆపరేషన్ కొల్లేరుని మెచ్చుకునేవాళ్ళు దీని పక్కనే ఇంకో సంగతి చూడాలి. ఐదో కాంటూరు లోపల సర్కారు భూమే కాదు, వేల ఎకరాల జిరాయితీ, అంటే సొంత పట్టా భూమి ఉంది, సర్కారు పేదలకిచ్చిన డి-ఫారం పట్టాలున్నాయి. తాతల నాటి రిజిస్టర్డు భూమి ఉన్నవాడు 1999లో ఓ ఉదయం లేచేసరికి అభయారణ్యంలో ఉన్నాడు. గట్లు పగలగొట్టినప్పుడు కూలి పోయినవాడికి చేతిలో పెట్టింది తక్కువ. వాళ్ళకి పరిహారం తేల్చకుండా పర్యావరణం పేరు చెప్పడం నాకు సబబుగా అనిపించదు. పక్షి ప్రేమికుల్లో నా మిత్రులు చాలామంది ఉన్నారు, వాళ్ళకి ఈ పేరా నచ్చదని తెలుసు.

పక్షుల మాటొచ్చింది కాబట్టి. కైకలూరు దగ్గర ఆటపాక వెళ్తే గూడకొంగలు (పెలికాన్లు), ఎర్రకాళ్ళ కొంగలు అటవీ శాఖ వేసిన ఇనుప స్టాండ్ల మీద గూళ్ళు కట్టుకుని ఉంటాయి. 1940ల్లో ఆరేడు అనే ఊరి దగ్గర గూడకొంగలు వేల సంఖ్యలో గూళ్ళు కట్టేవని కె.కె. నీలకంఠన్ రాశారు, 70లు వచ్చేసరికి కొల్లేరు వదిలేసి పోయాయి, తర్వాత ఆటపాకకి తిరిగొచ్చాయి. వచ్చాక తింటున్నది చాలావరకు చుట్టుపక్కల చెరువుల్లో చేపే. చెరువుల వాళ్ళు పైన వల కప్పి, టపాకాయలు పేల్చి తోలుతుంటారు. అంటే చెరువులు పూర్తిగా లేకుంటే ఇంత గూడకొంగ ఇక్కడ ఉంటుందా అన్న ప్రశ్నకి తేలికైన జవాబు లేదు. నా లెక్కలో జవాబు మళ్ళీ నీటి దగ్గరే ఉంది, ఎందుకంటే కొల్లేరు సొంత చేప పెరిగితే కొంగ చెరువు మీద వాలాల్సిన అవసరం తగ్గుతుంది.

సొంత చేప ఎక్కడ పెరుగుతుంది? ఈ కేసులో నాకు బాగా నచ్చిన భాగం ఇది, మా మిత్రుడి పుణ్యం. తొలకరి తర్వాత కొత్త నీరు ఎక్కగానే కొర్రమీను, జెల్ల, మార్పు ఎదురెక్కుతాయి, లోతు నుంచి పల్చటి నీళ్ళలోకి, గడ్డి మునిగిన చోటికి పోయి గుడ్లు పెడతాయి. పిల్ల అక్కడ పెరిగి నీరు దిగేటప్పుడు లోపలికి వస్తుంది. అలా ఏడాదికి కొన్ని నెలలే మునిగే పట్టీ ఎక్కడుంది? సరిగ్గా మూడుకీ ఐదుకీ మధ్య. వేసవిలో బీటలు వారి, ఎవరికీ పనికిరాని బీడులా, "ఇక్కడ సరస్సెక్కడుందండీ" అని మంత్రుల చేత అనిపించే నేల అదే. ఆ నేల చుట్టూ గట్టేస్తే లోపల సగం నీళ్ళు మిగిలే ఉన్నా చేప ఎక్కడానికి చోటుండదు. వేట మీద బతికే ఇంటికి అదే అసలు దెబ్బ. ముసలాళ్ళందరికీ ఇది తెలుసు, ఏ రిపోర్టులో రాసుందో వాళ్ళకి అక్కర్లేదు.

ఏం చేశాం, ఏం జరిగింది

ఊరికి మేం చెప్పింది కాంటూరు మాట పక్కన పెట్టమని కాదు. అడగాల్సిన వరస మార్చమని. ముందు నీటి మట్టం రోజూ రాసుకోండి, ఎవరి మాటా నమ్మక్కర్లేకుండా. వంతెన స్తంభానికి రంగులతో స్కేలు గీయించాం, పంచాయతీ దగ్గర పుస్తకం పెట్టాం, ఒక టెన్త్ చదువుకునే అమ్మాయి రాసేది, సెలవుల్లో వాళ్ళ తమ్ముడు. వేసవిలో ఉప్పు చూడటానికి చిన్న మీటరు ఇచ్చాం, ఎందుకంటే ఏప్రిల్, మే నెలల్లో మట్టం బాగా దిగాక ఉప్పుటేరు మీదుగా సముద్రపు నీరు పైకి ఎక్కుతుంది, మంచినీటి చేపకి ఊపిరాడదు, తాగే నీళ్ళకీ కష్టమే. దీనికోసమే ఉప్పుటేరు మీద రెగ్యులేటర్లు కట్టాలన్న ప్రతిపాదన ఏళ్ళుగా ఉంది. నేను రెగ్యులేటరుకి వ్యతిరేకం కాదు, కానీ వేసవిలో ఉప్పు ఆపే గేటు వరదలో అడ్డం కాకూడదు, ఆ గేటు ఎత్తేది ఎవరు, ఏ మట్టానికి ఎత్తాలి అన్నది ముందే రాసుకోకపోతే లంకలకి గోరుచుట్టు మీద రోకటి పోటే.

రెండోది, ఊరి పక్కన పాత పాయ ఒకటి కిక్కిసతో, గుర్రపు డెక్కతో మూసుకుపోయి ఉంది. అటవీ శాఖ అనుమతితో దాన్ని తెరిచి ఎప్పుడూ గట్టు పడకుండా వేటకే ఉంచాలని గ్రామసభలో తీర్మానం పెట్టించాం. తీర్మానం తేలిగ్గా అయింది. పాయ తెరవడానికి అనుమతి తిరగడమే ఎక్కువైంది, సంప్రదాయ వేటకి అడ్డు లేదని అంటూనే కూలీలు దిగి కిక్కిస కొయ్యాలంటే ఒక ఆఫీసు ఇంకో ఆఫీసుకి రాస్తుంది. చివరికి తెరిచారు, వానాకాలం మొదట్లో చేప ఎక్కింది, వేటగాళ్ళు సంతోషించారు. తర్వాతి ఏడాది డెక్క సగం మూసేసింది. దాన్ని ఏటా తియ్యాలి, ఏటా డబ్బు కావాలి, ఒకసారి తీస్తే పని అయిపోయినట్టు కాగితాల్లో రాసుకుంటారు కాబట్టి రెండోసారి నిధులు రావు. ఊళ్ళోనే వంతులేసుకుని తీస్తున్నారు, తీసే వాళ్ళలో లీజు ఇళ్ళ వాళ్ళు తక్కువ.

మూడో విషయంలో మేం గెలవలేదు. సొసైటీ లెక్కలు, లీజు ఎంతకి పోతుంది, ఎవరికి ఎంత అన్నది ఊరి గోడ మీద రాయాలని అడిగాం. ఒప్పుకున్నట్టే ఒప్పుకున్నారు, గోడ సున్నం కూడా వేశారు, అంకెలు రాలేదు. అడిగిన కుర్రాడికి బంధువుల నుంచే మాటలు పడ్డాయి. మేం పట్టుబట్టలేదు, వచ్చి పోయే మాకు ఆ మాటలు తగలవు, అక్కడే ఉండే అతనికి తగులుతాయి కాబట్టి.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ అజిత్‌సింగ్‌నగర్ వైపు మునగడం అందరూ టీవీల్లో చూశారు. వెలగలేరు రెగ్యులేటరు, డైవర్షన్ చానల్ గండ్లు, ఇవన్నీ అప్పుడే రాష్ట్రమంతా నేర్చుకుంది. టీవీలు వెళ్ళిపోయాక ఆ నీరు ఎనికేపాడు దాటి కొల్లేటికి వచ్చింది, ఊరి వాళ్ళకి అప్పుడు మొదలైంది. పెదఎడ్లగాడి దగ్గర నీరు, లంకల రోడ్లు మునక, పశువుల్ని గట్ల మీదికి తోలడం. విజయవాడలో బురద కడుక్కుంటున్న రోజుల్లో ఇక్కడ మట్టం ఇంకా పెరుగుతూనే ఉంది, తర్వాత దిగడం మొదలెట్టి రోజుల తరబడి నత్తనడక నడిచింది. ఆ టెన్త్ అమ్మాయి రాసిన మట్టం పుస్తకంలో ఆ పేజీలే ఇప్పుడు ఊరి దగ్గరున్న గట్టి కాగితం, ఎందుకంటే నీరు ఎక్కడం ఎంత వేగమో, దిగడం ఎంత నిదానమో తారీఖులతో సహా ఉంది. మా చేతి లెక్క తీరుతో అది సరిపోయింది. విజయవాడకి వరద తప్పించాలని బుడమేరు వెడల్పు చేస్తే ఆ నీరు ఇంకా తొందరగా కొల్లేరు చేరుతుంది, ఉప్పుటేరుని అలాగే వదిలేసి పైన కాలవ వెడల్పు చెయ్యడమంటే లంకల మీదికి వరదని ముందుగా పంపడమే. ఈ మాట మేం ఊరి తరఫున రాసిచ్చాం.

ఇప్పుడు ఊరి అర్జీలో మూడో కాంటూరు అన్న పదం లేదు. ఉప్పుటేరు పూడిక, ఆక్రమణలు తీయమని, పెదఎడ్లగాడి దగ్గర నీటి దారి పెంచమని, జిరాయితీ వాళ్ళకి పరిహారమో మార్పిడి భూమో తేల్చమని, వేట ఇళ్ళకి విడిగా గుర్తింపు ఇవ్వమని ఉంది. సంతకం పెట్టినవాళ్ళలో లీజు ఇళ్ళూ ఉన్నాయి, వరద తర్వాత కాబట్టి. పొడి ఏడాది వస్తే ఇదే సంతకం ఉంటుందని నేను గ్యారంటీ ఇవ్వలేను. చెరువుల సీజను మొదలయ్యే ముందు మళ్ళీ వెళ్ళి మట్టం పుస్తకం కొత్తది ఇవ్వాలి, పాతది నిండిపోయింది, రాసే అమ్మాయి ఇంటర్‌కి ఏలూరు వెళ్ళిపోతోంది, వాళ్ళ తమ్ముడు రాస్తానంటున్నాడు.